కాలువ బంగ్లాలో మధ్యాహ్నం

"దయ్యాన్ని చూసొద్దాం, వస్తవా?" అని అక్క అడిగినప్పుడు నేను ఒక పెళ్లి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. ఏప్రిల్ మొదటి వారం. పెళ్లిళ్ల రోజులు కాబట్టి దుకాణం నిండా కత్తిరించాల్సిన బట్టలే. ఆ మాటకు నేను ఉలిక్కిపడలేదు. అక్క ఏ విషయమైనా, బీపీ చూపించుకున్నావా అని అడిగినంత మామూలుగానే అడుగుతుంది.

అక్క అంటే నా తోడబుట్టిన మనిషి కాదు. నిజామాబాద్‌లో నా కుట్టు దుకాణం ఉన్న గల్లీలోనే నాలుగిళ్ల అవతల ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానల్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. గల్లీలో అందరికీ ఆమె సిస్టరే. నేనొక్కదాన్నే అక్కా అంటాను. రెండేళ్ల కింద ఆమె భర్త జబ్బుచేసి పోయాడు. అప్పట్నుంచి రోజూ నాలుగింటికి వచ్చి, నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని, ఏదో ఒక బట్టకు కాజాలు కుడుతూ పొద్దు గడిపేది. కుట్లు వేసి వేసి అలవాటైన చెయ్యి. ఆమె కాజా నా కాజా కన్నా బాగుంటుంది.

"ఏడి దయ్యం అక్కా?" అన్నాను.

"వర్ని రోడ్డు మీద మోస్రా దాటినంక కాలువ బంగ్లా ఉంటది గద, గాడి దయ్యం. మా ఆయన చెప్తుండె. పెండ్లి గాక ముందు దోస్తులతోని పోయిండంట. లోపట కత్తెర చప్పుడైందంట. చెప్పులు ఆడ్నే ఇడిసిపెట్టి ఉరికొచ్చిండ్రంట."

ఆమె భర్త బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసినవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాకే వాళ్లు నిజామాబాద్ వచ్చారు. బక్కగా, పొడుగ్గా, నవ్వుతూ ఉండే మనిషి. చెప్పులు వదిలేసి పరుగెత్తడం ఆయనకు సరిగ్గా సరిపోతుంది.

"చూసి ఏం చేస్తవు?"

అక్క ముందు కాజా పూర్తి చేసింది. దారం కొరికి, బట్ట మడిచి పెట్టాక చెప్పింది.

"ముప్పై ఏండ్లు నైట్ డ్యూటీలు చేసిన. నా కండ్ల ముందట ఎంతమంది పానం పోయిందో లెక్కలేదు. మార్చురీ పక్కపొంటి ఒక్కదాన్నే నడిసిన. ఒక్కటంటే ఒక్కటి కనబడలే. ఉన్నయా లేవా, ఒక్కసారి తేల్చుకుంట. నీకు స్కూటీ ఉంది. నాకు నడపరాదు."

ఆమె ఎవరిని వెతుకుతోందో నాకు అర్థం కాకపోలేదు. అడగలేదు. "ఆదివారం పోదాం" అన్నాను.

వెళ్లేది మధ్యాహ్నమని కూడా ఆమే తేల్చింది. దయ్యాలు తిరిగేది నడిరాత్రి ఒక్కటే కాదు, మిట్టమధ్యాహ్నం కూడా తిరుగుతాయని మా అమ్మ చెప్పేది. ఎండలో ఆడుకోవడానికి పోతామంటే ఆ మాటతోనే మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టేది. ఆ బంగ్లా దయ్యం కూడా మధ్యాహ్నపు దయ్యమేనట. "మంచిదైంది. రాత్రయితే పాములుంటయి" అంది అక్క.

ఆ వారమంతా ఆమె ఫోనులో దయ్యాల వేటగాళ్ల వీడియోలు చూసింది. వాళ్ల దగ్గర ఏవేవో యంత్రాలుంటాయి. అవేవీ అక్కకు నచ్చలేదు. తన సామాను తను సిద్ధం చేసుకుంది. టీకాల ఫ్రిజ్‌లో పెట్టే రకం థర్మామీటరు ఒకటి, టార్చిలైటు, అడుగుజాడలు పడితే కనబడాలని ఒక డబ్బాలో ముగ్గుపిండి, రెండు సీసాల నీళ్లు, పులిహోర. ఇవి కాక ఒక నోటుపుస్తకం. అందులో స్కేలుతో నిలువు గీతలు కొట్టి, పైన తలా ఒక మాట రాసింది. టైము, వేడి, చప్పుడు, వాసన, ఇతరములు. ఆస్పత్రిలో రోగి మంచానికి తగిలించే కాగితం లాగే ఉంది.

"దయ్యానికి కేసు షీటా?" అని నేను నవ్వాను.

"రాసి పెట్టకపోతే సూసినట్టే కాదు" అంది ఆమె. నవ్వలేదు.

ఆదివారం తొమ్మిదింటికి బయల్దేరాం. ఊళ్లో ఎక్కడ చూసినా పసుపు వాసన. మార్కెట్ యార్డుకు వెళ్లే లారీలు ఎదురొస్తుంటే దుమ్ము కూడా కొంచెం పచ్చగానే ఉన్నట్టుంది. ఊరు దాటాక గాలి మారింది. రెండు పక్కలా కోతకొచ్చిన వరి. ఎక్కడో ఒక మడి మాత్రం చెరకు. అక్క వెనక కూర్చుని, "ఇదంత చెరుకే ఉంటుండె" అని రెండు మూడుసార్లు అంది. నా హెల్మెట్లోకి సగం మాటలే వచ్చాయి.

మోస్రా దాటాక కాలువ గట్టు మీద మట్టిదారి. ఎటు తిరగాలో తెలియక ఆగాం. ఒక రైతు ట్రాక్టరు ఆపి దిగాడు. అరవై ఏళ్లుంటాయి. తలకు తువ్వాలు. ఆ పక్క క్యాంపు మనిషి. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్నవాళ్ల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. మూడు తరాలైనా వాళ్ల మాట మాత్రం మారలేదు.

"ఎక్కడికమ్మా వెళ్లాలి?"

"కాలువ బంగ్లాకు" అంది అక్క.

ఆయన మా ఇద్దరినీ, ముగ్గుపిండి డబ్బాను చూశాడు. "ఎవరండీ మీరు? భూమి కొలతలకొచ్చారా?"

"కాదు. దయ్యం ఉందంటరు గద, సూద్దామని వచ్చినం."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఉందండి. నా చెవులతో విన్నాను. పోయినేడాది గేదె తప్పిపోతే వెతుక్కుంటూ అటెళ్లాను. కత్తెర చప్పుడండి. కాలువ తవ్వించిన ఇంజినీరు దొరగారి భార్య అంటారు. కడుపుతో ఉండి, పుట్టబోయే బిడ్డకి గౌన్లు కుట్టుకుంటూ కూర్చునేదట ఆ వెనక గదిలో. బిడ్డ పుట్టకుండానే జ్వరమొచ్చి పోయిందట. పన్నెండు దాటాక అటు ఎవరూ వెళ్లరమ్మా. మీరూ వెళ్లకండి."

"పన్నెండు దాటేదాక ఉండాలనే వచ్చినం" అంది అక్క.

ఆయన ట్రాక్టరు సీటు కింద నుంచి క్యాను తీసి మాకు చెరో గ్లాసు మజ్జిగ పోశాడు. "నేను ఆ మోటారు షెడ్డు దగ్గరే ఉంటాను. ఏదన్నా అయితే కేకెయ్యండి. వచ్చేస్తాను. లోపలికి మాత్రం రాలేనండి" అన్నాడు.

బంగ్లా కాలువకు వంద అడుగుల దూరంలో ఉంది. నల్లరాతి గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా. నిజాం కాలం నాటి కట్టడం. తలుపులు ఎప్పుడో పోయాయి, గోడల్లో ఇనుప మేకులు మాత్రం మిగిలాయి. పెద్దగదిలో చలిమంట వేసుకునే గూడు ఉంది. మా ఎండల్లో ఇక్కడ చలిమంట కావాలనుకున్న ఆ దొరను తలుచుకుంటే నాకు జాలేసింది. గోడల మీద బొగ్గుతో ప్రేమికుల పేర్లు. వాటిలో ఒక పేరు పక్కన రెండో పేరు కొట్టేసి వేరే పేరు రాశారు. కప్పు మూలల్లో గబ్బిలాలు. అయినా లోపల అడుగు పెట్టగానే హాయిగా అనిపించింది. బయట నిప్పులు కురుస్తుంటే లోపల నేల చల్లగా ఉంది.

వెనక గదికి వెళ్లే గుమ్మం ముందు అక్క ముగ్గుపిండి పలచగా చల్లింది. ఆ గదిలోకి తొంగిచూశాం. ఖాళీ. మూలకు నాలుగు ఇటుకలు, ఒక మట్టి కుండ. ఎవరో పశువుల కాపరి పెట్టుకుని ఉంటాడనుకున్నాం. తిరిగి వచ్చి పెద్దగదిలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం.

పావుగంటకొకసారి అక్క థర్మామీటరు చూసి, గొంతు తగ్గించి చదువుతూ పుస్తకంలో రాసేది. "పదకొండుంబావు. వేడి ముప్పై మూడు. చప్పుడు, పావురాలు. వాసన, గబ్బిలాలు. ఇతరములు, ఏమీ లేవు." మళ్లీ పావుగంట. "పదకొండున్నర. వేడి ముప్పై మూడు. చప్పుడు, ట్రాక్టరు." ఈ చదువుడుకు నాకు నిద్ర ముంచుకొచ్చింది. పన్నెండింటికి పులిహోర తిన్నాం. దయ్యాల వేట ఇంత ప్రశాంతంగా ఉంటుందని నేననుకోలేదు. ఇంట్లో ఉంటే ఈపాటికి ముగ్గురు గిరాకీలతో వాదం పెట్టుకుని ఉండేదాన్ని.

పన్నెండున్నర దాటింది. పావురాలు కూడా సద్దుమణిగాయి. అప్పుడు వినబడింది.

కచక్. కచక్. కచక్. కచక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ నాలుగు సార్లు.

చప్పుడు వెనక గదిలోంచి. అక్క పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. గుమ్మం ముందు చల్లిన పిండి చల్లినట్టే ఉంది. దాని మీద ఎవరి అడుగూ పడలేదు.

భయపడ్డానని చెబితే అది పూర్తి నిజం కాదు. కత్తెర నా చేతిలో రోజూ ఉండేదే. బట్ట తెగే చప్పుడు బరబరా సాగుతుంది. ఇది బట్ట కాదు. చిన్న కత్తెర, పొట్టి కోత, కొంచెం తడి ఉన్నదేదో తెగుతోంది. నాలుగు కోతలు, ఒక ఆగుడు. ఆ ఆగుడులో కోసిన ముక్క ఒళ్లో పడుతుంది. ఇంకొకటి చేతిలోకి వస్తుంది. ఆ వరస నాకు తెలుసు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పెళ్లయి పోయేదాకా ఆ వరస వింటూనే నిద్రపోయాను, నిద్ర లేచాను.

మా అమ్మ బీడీలు చేసేది. చాట ఒళ్లో పెట్టుకుని, నానబెట్టిన తునికాకు మీద రేకు ముక్క ఆనించి, దాని చుట్టూ నాలుగు కోతలు కోసేది. నా మొదటి కుట్టుమిషను ఆ బీడీల డబ్బుతో వచ్చిందే. అమ్మ పోయి ఎనిమిదేళ్లు. ఆ పాత రాతి ఇంట్లో, ఆ మధ్యాహ్నం, ఒక్క క్షణం పాటు నేను నమ్మింది ఇంజినీరు దొర భార్యను కాదు. గోడ అవతల మా అమ్మ కూర్చుని ఉందని నమ్మాను. లేచి నిలబడ్డాను. అక్క నా చీర కొంగు పట్టుకుని లాగింది. నేను ఆగలేదు. ముగ్గుపిండి తొక్కుకుంటూ గుమ్మంలోకి వెళ్లాను.

ఒక ఆడమనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర, నలభై అయిదేళ్ల వయసు, ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. ఆమె వెనక, మేము గమనించని ఒక చిన్న దొడ్డిగుమ్మం పొలాల వైపు తెరుచుకుని ఉంది. నన్ను చూడగానే ఆమె కెవ్వున అరిచింది. ఆ అరుపుకు నేనూ అరిచాను. వెనక నుంచి అక్క టార్చిలైటు వేసింది. అంత వెలుతురులో టార్చి ఎందుకో ఆమెకే తెలియాలి.

"ఎవలు మీరు? ఆఫీసోళ్లా?" అంది ఆ మనిషి, చాట గుండెకు హత్తుకుని.

"కాదమ్మా, కాదు. భయపడకు" అంది అక్క. "దయ్యం ఉందంటె సూడనీకి వచ్చినం."

ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది. ఊపిరి కుదుటపడ్డాక ఒక్కసారిగా నవ్వింది. "జరసేపాయె, ముంగటి పెద్దర్రల ఎవలో సన్నగ సదువుతున్నట్టు ఇనబడుతుండె. ఇయ్యాల ఈడుండే ఆమెకు సుట్టాలొచ్చిండ్రు అనుకున్న. ఎందుకులే అని నా పని నేను చేసుకుంటున్న."

ముగ్గురం నవ్వాం. నాకైతే నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. అది భయం దిగిపోవడం వల్లో, అమ్మ కాకపోవడం వల్లో చెప్పలేను. బయట రైతు "అమ్మా! బాగున్నారా?" అని అరిచాడు. అక్క వరండాలోకి వెళ్లి, "బాగనే ఉన్నం" అని చెయ్యి ఊపి వచ్చింది.

ఆమెది కాలువ అవతలి ఊరు. రేకుల ఇల్లు. ఇంట్లో కోడలు, ఎనిమిది నెలల మనుమరాలు. కొడుకు హార్వెస్టరు మీద డ్రైవరు, కోతల కాలమంతా బయటి ఊళ్లలోనే. పాపకు ఎప్పుడూ దగ్గు, ఆయాసం. ఇంట్లో తంబాకు ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. బీడీలు మానేస్తే గడవదు. మొదట కొన్నాళ్లు తెలిసినవాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని చేసేదట, వాళ్లు వద్దన్నాక పోయిన దీపావళి తర్వాత ఇక్కడికి రావడం మొదలుపెట్టిందట.

"ఈడ సల్లగుంటది. ఆకు ఎండది. ఎవలు రారు" అంది.

"నీకు భయంగాదా?" అని అక్క అడిగింది. అడుగుతూ ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"మొదట్ల అయింది. రెండు దినాలు రాలే. ఇంటికాడ పాపకు దగ్గు ఆగకపాయె, ఇగ ఏం చేస్త, వచ్చిన. గుమ్మంల నిలబడి చెప్పిన. అవ్వా, నాకు ఇంకో జాగ లేదు, జర కూసోనియ్యి, నీ దిక్కు రాను అని. కూసోనిచ్చింది."

"అంటే ఉందా?"

"ఉంది." ఆమె ఆకు మీద రేకు పెట్టి మళ్లీ కోయడం మొదలుపెట్టింది. బావిలో నీళ్లున్నాయా అంటే ఉన్నాయని చెప్పినట్టు చెప్పింది.

"కనబడ్డదా ఎన్నడన్న?"

"లే."

"చప్పుడు?"

"చప్పుడు నాదే గద. నన్ను ఇనే ఊరోళ్లు ఉరుకుతరు. నేనేం అనను. ఉరికితే నాకే మంచిది." కాస్త నవ్వింది. "కనబడదు అక్కా. ఉంటది, గంతే. వచ్చేటప్పుడు వస్తున్న అవ్వా అంట. పోయేటప్పుడు పోయొస్త అంట. నడుమ ఏదో ఒకటి చెప్పుకుంట కూసుంట. కోడలు ఇట్లన్నది, పాప బోర్ల పడ్డది, ఆకు బాగలేదు అని."

"జవాబు చెప్తదా?"

"జవాబెందుకక్కా? ఇంట్ల అందరు జవాబు చెప్పేటోళ్లే. ఇనేటోళ్లు ఒకలుండాలె గద."

కత్తెర చప్పుడు సాగుతూనే ఉంది. నేను చెయ్యి చాస్తే ఆమె అర్థం చేసుకుని కొన్ని ఆకులూ, కత్తెరా ఇచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆకు కోశాను. మొదటివి రెండు వంకరగా వచ్చాయి. మూడోది బాగానే వచ్చింది. "మీ అమ్మ చేసేదా?" అంది ఆమె. అవునన్నాను. చేతి వాటం చూసి చెప్పిందట.

ఒక విషయం మాత్రం తేలలేదు. ఆమె రావడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. అక్క భర్త ఆ చప్పుడు విని చెప్పులు వదిలి పరుగెత్తింది ఏనాటి సంగతో. అప్పుడు ఆయన విన్నదేంటి? అక్కకూ ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. అడిగింది కూడా. "నీ కంటె ముందు ఈడ ఇంకెవరన్న బీడీలు చేస్తుండెనా?" ఆమెకు తెలియదు. ఉండొచ్చు, లేకపోవచ్చు అంది.

మూడింటికి ఆమె చాట సర్దుకుంది. అక్క పాపను చూస్తానంది. ఇద్దరం ఆమె వెంట పొలం గట్ల మీద నడిచి ఊళ్లోకి వెళ్లాం. గుమ్మంలోనే ఆమె కాళ్లూ చేతులూ కడుక్కుని, పై చీర మార్చుకుని, అప్పుడు లోపలికి వెళ్లింది. ఆ జాగ్రత్త చూసి అక్క తల ఊపింది. పాపను ఒళ్లో వేసుకుని, చొక్కా పైకి తీసి, ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు ఎంత లోపలికి పోతున్నాయో వాచీ చూస్తూ లెక్కపెట్టింది. పొద్దున్నుంచీ పావురాల చప్పుళ్లు రాసుకున్న మనిషి కాదు, వేరే మనిషిలా ఉంది. పొయ్యి కట్టెలదా గ్యాసుదా అని అడిగింది. కట్టెల పొయ్యి గదిలోనే ఉంది. "తంబాకు ఒక్కటే కాదమ్మా, ఈ పొగ గూడ. పొయ్యి బయటికి తియ్యి. రేపు పాపను తీసుకుని నిజామాబాద్ రా. నేను వెంబడి ఉండి సూపిస్త" అని కోడలికి చెప్పి, తన ఫోను నంబరు గోడ మీది క్యాలెండరు మీద రాసింది.

తిరుగుదారిలో మోస్రాలో చాయ్ తాగడానికి ఆగాం. పొద్దు వాలుతోంది. హోటలు ముందు బెంచీ మీద కూర్చున్నాం. అక్క చాయ్ చల్లారిపోతోంది, తాగడం లేదు.

"మా ఆయన లాస్టుల నలభై దినాలు మంచంల ఉన్నడు గద" అంది. "నేనే చేసిన అంత. టైముకు మందు, టైముకు సెలైను, జ్వరం ఎంతుంది, మూత్రం ఎంత పోసిండు, అన్ని రాసిపెట్టిన. డాక్టరు సూసి, ఇంత మంచిగ ఎవ్వలు చెయ్యలేరు సిస్టర్ అన్నడు."

"అవునక్కా. గల్లీ అంతా అనుకున్నరు."

"ఒక్కనాడు పొద్దుగూకాల, జర కూసో అన్నడు. ఏమన్న నొస్తుందా అన్న. లేదు, ఉత్తగనే కూసో అన్నడు. ఆగు, సెలైను అయిపోవస్తుంది అన్న. మార్చి వచ్చేసరికి నిద్రపోయిండు. మళ్ల ఎన్నడు అడగలే. నేను గూడ కూసోలే." ఆమె గ్లాసును చేతుల మధ్య తిప్పింది. "కనబడితే కూసుందామని వచ్చిన. గంతే."

ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని ఉంది కానీ, ఆ మధ్యాహ్నం విన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆమె చాయ్ పారబోసి, మళ్లీ వేడిది తెప్పించాను. అది తాగింది.

సోమవారం అత్తాకోడళ్లు పాపను తీసుకుని వచ్చారు. అక్క రోజంతా వాళ్లతోనే ఉంది. ఆవిరి పట్టే మందు రాశారు, అది ఎట్లా వాడాలో అక్క కోడలికి మూడుసార్లు చేసి చూపించింది. ఆ తర్వాత నెలకు రెండుసార్లు బస్సెక్కి తనే ఆ ఊరికి వెళ్లేది. పొయ్యి బయటికి మారింది. వానాకాలం వచ్చేసరికి పాప బొద్దుగా తయారైంది.

గల్లీలో మాత్రం కొత్త గుసగుస మొదలైంది. అక్క ఇంటి పక్కావిడ ఒకరోజు దుకాణానికి వచ్చి, గొంతు తగ్గించి, "సిస్టరు ఒక్కతే మాట్లాడుతుంది. పొద్దుగూకితే సాలు, కుర్సి ఏసుకొని కూసుంటది, అర్ధగంట మాట్లాడుతది. దూరమున్న ఆమె బిడ్డకు ఫోను చేసి చెప్పాల్నా?" అంది.

"ఏం మాట్లాడుతది?" అన్నాను.

"ఏమో. కూరగాయల సంగతి. ఎవలో పాప సంగతి. గ్యాసు అయిపోయిన సంగతి."

"అట్లయితే ఏం కాదు. మాట్లాడుకోనియ్యి" అన్నాను. ఆమె నన్ను కూడా అనుమానంగా చూసి వెళ్లిపోయింది. అక్కతో నేను ఈ విషయం ఎత్తలేదు. నాలుగింటికి రావడం మాత్రం ఆమె తగ్గించింది. వారంలో రెండు రోజులు వచ్చేది.

శ్రావణంలో వారం రోజులు ఆగకుండా కురిసిన వానకు బంగ్లా వెనక గది కప్పు కూలింది. అప్పుడు అందులో ఎవరూ లేరు. అక్క వెళ్లి ట్రాక్టరు రైతుతో మాట్లాడింది. కత్తెర ఎవరిదో చెప్పేసరికి ఆయన కాసేపు మొహం చెల్లక, తర్వాత పగలబడి నవ్వి, మోటారు షెడ్డులో గాలి వచ్చే పక్క బీడీలు చేసే ఆమెకు చోటిచ్చాడు. అక్కడ కూర్చున్న మొదటి రోజే ఆమె అక్కకు ఫోను చేసింది. పాప గురించేమో అనుకున్నాం.

"అవ్వ ఎటు పోయిందో ఏమో అక్కా. కప్పు కూలింది గద. తడుస్తుందేమో" అంది.

అక్క ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. "పెద్దర్ర మంచిగనే ఉంది గద. గాడ ఉంటది. పోయినప్పుడు ఒకసారి పలకరించు" అని చెప్పింది.

ఈ సంగతి ఎట్లా పాకిందో తెలియదు. దసరా ముందు మోర్తాడ్ దిక్కు నుంచి ఒక మాస్టారు అక్కకు ఫోను చేశాడు. వాళ్ల తాతల నాటి ఇంట్లో ఒక గదిలో గజ్జెల చప్పుడు వస్తోందట, ఇద్దరు అక్కలు వచ్చి చూస్తారట గదా అని. మేము ఎప్పుడు అలాంటివాళ్లమయ్యామో మాకే తెలియదు. వెళ్లాం. రోజంతా కూర్చున్నాం. ఏమీ రాలేదు. ఆ ఇంటి అవ్వ మాకు జొన్నరొట్టె, పప్పు పెట్టి, తన పెళ్లినాటి కబుర్లు పొద్దుగూకేదాకా చెప్పింది. అక్క ఒక్కసారి కూడా టైము చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు సన్నగా తుంపర. రోడ్డుకు రెండు వైపులా నడుమెత్తు పసుపు చేలు తడిసి వాసనేస్తున్నాయి. కాసేపటికి నా భుజం మీద బరువు పడింది. అక్క నిద్రపోయింది. జారిపోతుందేమోనని ఎడమ చేతితో ఆమె చెయ్యి నా నడుము చుట్టూ వేసుకుని, బండి బాగా నెమ్మదిగా నడిపాను.